రామదాసు బాకీ: పాత్ర చిత్రణలో మంచిచెడ్డలు

ఆ మధ్య ఖమ్మంలో ఒక సాహిత్య పాఠశాలలో పాత్ర చిత్రణ గురించి మాట్లాడుతుంటే ఒక విద్యార్థి లేచి, "రామదాసు మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగాడు. భక్తుడన్నారు కొందరు. సర్కారు సొమ్ము వాడుకున్న ఉద్యోగి అన్నారు ఇంకొందరు. నేను ఎవరినీ కాదనలేకపోయాను.

నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న గోల్కొండ ఏలుబడిలో పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడనీ, తానీషా అతన్ని పన్నెండేళ్లు ఖైదు చేయించాడనీ, చివరికి రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారనీ ప్రతీతి. ఆ ముగింపుతో గోపన్న నిర్దోషి అయ్యాడు; తానీషా ధర్మప్రభువయ్యాడు. మరి శిస్తు కట్టిన రైతు సంగతి? అతని బాకీ ఎవరు తీర్చారు? విగ్రహాలను మొదట చూసి పందిరి వేసి కొలిచిన పోకల దమ్మక్క గిరిజన స్త్రీ అంటారు. గుడి లేచాక ఆమె కూడా కథలో కనిపించదు.

అలాగని గోపన్నను దొంగగా తేల్చేస్తే సరిపోదు. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో అతను ఎవరికి ఏ నగ చేయించాడో, ఎంత ఖర్చయిందో ఏకరువు పెడతాడు. దేవుణ్ణి నిలదీస్తాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు. భక్తుడు, లెక్కలు రాసే ఉద్యోగి, దెబ్బలు తిన్న మనిషి ముగ్గురూ ఆ ఒక్క పాటలోనే ఉన్నారు. తానీషా కూడా అంతే. మాదన్నను మంత్రిగా నమ్మిన ప్రభువూ అతనే, శిస్తు కోసం ఖైదు చేయించినవాడూ అతనే. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు ఖైదీగా దౌలతాబాదు కోటలో బతికినవాడూ అతనే.

మంచీ చెడూ చెరిసగం కలిపితే ఇటువంటి పాత్ర తయారు కాదు. మనిషి నిలబడ్డ చోటునుంచి ఆ వైరుధ్యం పుడుతుంది. పైన సుల్తాను, కింద రైతు, నడుమ తహశీల్దారు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. భద్రాచలం అడవి మీద రాసిన నా తొలి కథలో ఫారెస్టు గార్డును పచ్చి దుర్మార్గుణ్ణి చేశాను. పోడు కొట్టుకున్న కోయ రైతు దగ్గర అతను కోళ్లూ డబ్బులూ గుంజటం అబద్ధం కాదు. కాని అతని పైవాళ్లెవరో, ఆ అడవి ఎవరి లాభానికి తరిగిపోతున్నదో నేను రాయలేదు. పాఠకుడి కోపం గార్డు దగ్గరే ఆగిపోయింది. వ్యవస్థ తప్పించుకుంది.

గార్డును అర్థం చేసుకుంటే క్షమించినట్టేనని కొందరు మిత్రుల భయం. కోయ రైతును కథ నడుమ నిలబెడితే ఆ భయం అక్కర్లేదు. గోపన్న భక్తినీ రాద్దాం, అతను తిన్న దెబ్బలనూ రాద్దాం. శిస్తు కట్టినవాడి లెక్క మాత్రం వదిలిపెట్టవద్దు.