ఈ రౌండు ఎవరిది?

ఇంగ్లీషువాళ్ళు రెండు సంగతులు సూటిగా మాట్లాడలేరు. ఒకటి డబ్బు, రెండోది తాగుడు. ఈ రెండూ కలిసే చోటు పబ్బు. కనుక అక్కడ వినిపించే మాటల్లో చాలా వాటికి నిఘంటువు తిరగేసినా ప్రయోజనం ఉండదు. వాళ్ళ మధ్య నాలుగు రోజులు కూర్చుంటే గాని తెలియవు.

నేను లీడ్సు నగరంలో పద్నాలుగేళ్ళు కాపురం చేశాను. అందులో తొమ్మిదేళ్ళు ఒక ఆఫీసులో లెక్కలు రాశాను. చుక్క ముట్టకుండానే వారం వారం పబ్బుకు వెళ్ళి వచ్చినదాన్ని. మొన్న మా చెల్లెలు కాకినాడ నుంచి ఫోను చేసి, “అక్కయ్యా, చదువుకోమని పంపిస్తే వీడు శుక్రవారం శుక్రవారం పబ్బుకు వెళుతున్నాడటే! పైగా, ఈ వారం రౌండు నాదే అంటాడు. ఏం రౌండే తల్లీ అది?” అని గొల్లుమంది. దానికి చెప్పిన మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. అటువంటి తల్లులు ఇంకా చాలామందే ఉంటారు గదా!

ముందుగా, పబ్బంటే మన వైన్‌షాపు కాదు. పబ్లిక్ హౌస్ అన్న పేరును కురచచేసి పబ్బన్నారు. అంటే పదిమందికీ తలుపు తీసిన ఇల్లన్నమాట. నడిపే ఆయన్ని ల్యాండ్‌లార్డ్ అంటారు. ఇంటికి దగ్గరలో ఉండి, రోజూ వెళ్ళేది ఎవరికి వారికి “మై లోకల్”. ముసలివాళ్ళు కుక్కను వెంటబెట్టుకు వచ్చి పేపరు చదువుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లా పాపలతో వచ్చి భోజనం చేసి పోయేవాళ్ళూ ఉంటారు. మన రచ్చబండకు పైకప్పు వేసి, బీరు పీపా పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక రౌండు. చాలా పబ్బుల్లో గ్లాసులు మనం కూర్చున్న చోటికి రావు. ఎవరో ఒకరు లేచి బల్ల దగ్గరికి వెళ్ళి తేవాలి. అయిదుగురు వెళితే, ఒకడు లేచి “వాట్ ఆర్ యూ హ్యావింగ్?” అని అందరినీ అడిగి, అందరికీ తన డబ్బుతో తెస్తాడు. అది అతని రౌండు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి మరొకడు లేచి “సేమ్ అగైన్?” అంటాడు. నీ వంతు అని ఎవరూ వేలెత్తి చూపరు. కాని ఎవరిది అయింది, ఎవరిది కాలేదన్నది అందరికీ జ్ఞాపకమే. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుందే, అదే ఇది. కాకపోతే ఇక్కడ పుస్తకం ఉండదు. నలుగురి చేతా కొనిపించుకుని, తన వంతు వచ్చేసరికి కోటు తొడుక్కునే మనిషి పేరు ఆఫీసులో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

ఇందులో చిక్కు ఎక్కడుందో లెక్కలు రాసిన చేతికి వెంటనే తెలుస్తుంది. వాళ్ళ పింటు 568 మిల్లీలీటర్లు. అయిదుగురు అయిదు రౌండ్లు తిప్పితే, ఒక్క గ్లాసుతో సరిపెట్టుకుందామని వచ్చిన వాడి కడుపులో కూడా దాదాపు మూడు లీటర్ల బీరు పడుతుంది. ఎవరూ బలవంతం చేయలేదు. మర్యాదే తాగించింది! ఈ సంగతి అక్కడి ప్రభుత్వానికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు ఆయుధాల కర్మాగారాల్లో పని కుంటుపడుతోందని, 1915లో లండనుతో సహా చాలా ప్రాంతాల్లో ఒకరు మరొకరికి తాగుడు కొనిపెట్టడమే నేరమని ఉత్తర్వు వేశారు. యుద్ధం పోయింది, ఉత్తర్వూ పోయింది. రౌండు మాత్రం చెక్కుచెదరలేదు.

బల్ల వెనకాల నిలబడి పోసే అమ్మాయికి అక్కడ బక్షీసు ఇవ్వరు. “అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్” అంటారు. అంటే నీకూ ఒకటి నా లెక్కలో వేసుకోమని. చిల్లర చేతిలో పెడితే నౌకరును చేసినట్టు, గ్లాసు ఇస్తే స్నేహితురాలిని చేసినట్టు! ఇక “చీర్స్” గ్లాసులు ఎత్తేటప్పుడే కాదు, బస్సు దిగుతూ డ్రైవరుతోనూ అంటారు. అప్పుడు దాని అర్థం కృతజ్ఞత మాత్రమే. మా చెల్లెలి కొడుకు ఫోను పెట్టేస్తూ “చీర్స్ అమ్మా” అన్నాడని అది కన్నీళ్ళు పెట్టుకుంది గాని, పాపం, పిల్లవాడు ఆ పూట మంచినీళ్ళు తప్ప ఏమీ తాగి ఉండడు.

ఈ మాటల్లో కొన్నింటి పుట్టుక వింతగా ఉంటుంది. ఎవరి పేరయినా చెప్పి తాగడాన్ని “టోస్ట్” అంటారు. అది మనం పొద్దున్నే వెన్న రాసుకునే రొట్టెముక్కే. పూర్వం మసాలా అద్ది కాల్చిన రొట్టెముక్కను ద్రాక్షసారాలో వేసి, రుచి పట్టనిచ్చి తాగేవారట. తరవాత అందమైన ఒక ఇల్లాలి పేరు తలిస్తే చాలు, రొట్టె వేసినంత రుచి వస్తుందని పేరునే టోస్ట్ అన్నారు. “పంచ్” అన్న పానీయం పేరు మన “పంచ” నుంచి వచ్చిందని చాలామంది పండితుల మాట. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్ళు, మసాలా దినుసు, మొత్తం అయిదు. తూర్పిండియా కంపెనీ వాళ్ళ మూటల్లో ఆ మాట సీమకు చేరింది. “టాడీ” సంగతి ఇంకా బాగుంటుంది. మన తాడిచెట్టుకు చుట్టమైన హిందీ తాడీయే అది. అక్కడ స్కాట్లండు చలిలో జలుబు చేసినవాళ్ళు వేడినీళ్ళలో విస్కీ, తేనె కలుపుకుని “హాట్ టాడీ” అని తాగుతారు. తాటాకు ఎరగని దేశంలో తాటికల్లు పేరు!

భయం పోగొట్టుకోవడానికి తాగితే వచ్చే తెగువను “డచ్ కరేజ్” అంటారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళకూ డచ్చివాళ్ళకూ సముద్రం మీద యుద్ధాలు జరిగాయి. ఆ కచ్చ కొద్దీ చెడ్డవాటికల్లా డచ్చి పేరు తగిలించారు. ఆ డచ్చివారే మన బందరులో వలందులు. వలందపాలెం నేటికీ ఉంది.

తప్పతాగినవాణ్ణి తప్పతాగాడనడానికి మాత్రం వాళ్ళకు నోరు రాదు. “త్రీ షీట్స్ టు ది విండ్” అంటారు. షీట్లంటే దుప్పట్లు కావు, తెరచాపను అదుపులో ఉంచే తాళ్ళు. అవి తెగి గాలికి ఊగితే ఓడ తూలుతుంది. 1737లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గారు తాగాడనడానికి ఉన్న మాటలన్నీ ఏరి తన పత్రికలో అచ్చువేస్తే రెండు వందలు దాటాయి. మనమూ తక్కువ తినలేదు లెండి. “తీర్థం పుచ్చుకున్నాడు” అని కన్ను గీటేది ఎవరు? విషాన్ని “మందు” అనేది ఎవరు?

ఇన్ని ముద్దుపేర్లలో నేను తలవంచి విన్నమాట ఒక్కటే, “ఆన్ ది వాగన్”. వాగనంటే వెనకటి రోజుల్లో అమెరికాలో దుమ్ము అణగడానికి వీధుల్లో నీళ్ళు చల్లే బండి. తాగుడు మానినవాడు, గొంతెండితే ఆ బండెక్కి నీళ్ళే తాగుతాను గాని సారా ముట్టనన్నాడన్నమాట. మా ఆఫీసులో ఒకాయన, యాభై దాటినవాడు, ఉన్నట్టుండి నారింజరసం అడగడం మొదలుపెట్టాడు. అడిగితే “ఐయామ్ ఆన్ ది వాగన్” అని నవ్వాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతోంది. కుర్రగుమాస్తా ఒకడు “గో ఆన్, జస్ట్ ది వన్” అన్నాడు. ఒక్కటేగా, కానివ్వమని. మా పెద్ద గుమాస్తా ఆవిడ ఏమీ అనలేదు. ఆ కుర్రవాడి గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, వాడివంక చూసింది. వాడు మళ్ళీ నోరెత్తలేదు.

నాలుగు నెలల తరవాత ఒక శుక్రవారం ఆయన రాలేదు. “హీ హ్యాజ్ ఫాలెన్ ఆఫ్” అన్నారెవరో మెల్లగా. బండిమీంచి పడిపోయాడు. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ కొన్నాళ్ళకు వచ్చి, నా పక్క కుర్చీ లాక్కుని, నేను తాగే నిమ్మసోడాయే తనకూ తెమ్మన్నాడు. ఆ తరవాత రెండేళ్ళూ మా ఇద్దరిదీ ఒకటే గ్లాసు లెక్క. క్రిస్మసు విందులో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను చేసిందల్లా పక్కన కూర్చోవడమే.

అసలు ముట్టని నాబోటివాళ్ళను “టీటోటలర్” అంటారు. మనవాళ్ళు చాలామంది టీ తాగేవాళ్ళనుకుంటారు గాని, ఈ మాటకూ తేయాకుకూ సంబంధం లేదు. 1833లో లాంకషైరులోని ప్రెస్టన్ ఊళ్ళో రిచర్డ్ టర్నర్ అనే శ్రామికుడు మద్యనిషేధ సభలో, పూర్తిగా మానాలని “టోటల్”కు ముందు ఇంకో “టీ” అక్షరం చేర్చి పలికాడు. నత్తివల్ల అలా వచ్చిందని కొందరంటారు, నొక్కి చెప్పడానికే అలా అన్నాడని కొందరంటారు. మా చెల్లెలికి నేను చెప్పింది ఇదే: “వాణ్ణి నిమ్మసోడా అడగమను. ఎందుకు తాగవని ఎవరూ నిలదీయరు. కాని తన వంతు రౌండు మాత్రం ఎగ్గొట్టవద్దను. తాగనివాడికీ రౌండు ఉంటుంది.”

లేచేముందు “వన్ ఫర్ ది రోడ్” అనేవారు, దారి కోసం ఆఖరి గ్లాసు అని. గుర్రాల కాలంలో చెల్లింది గాని, మోటారు కార్లు వచ్చాక ప్రాణాలు తీసింది. 1967లో బార్బరా కాసిల్ రవాణా మంత్రిగా ఉండగా, నోటితో ఊదించి చూసే గొట్టం పోలీసుల చేతికి వచ్చింది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. స్కాట్లండు 2014లో దాన్ని 50కి దించింది. మన దేశంలో అయితే 30. “ఐయామ్ డ్రైవింగ్” అన్నారంటే ఇక ఎంతటివాడూ రెండోమాట అనడు. నిజంగా కారు లేనివాళ్ళు కూడా ఆ మాట అనడం నేను విన్నాను.

యుద్ధకాలంలో పెట్టిన మధ్యాహ్నపు మూత 1988 దాకా ఉంది. 2005 నుంచి రాత్రి వేళలూ సడలాయి. అయినా, చాలాచోట్ల ఇప్పటికీ ఇంటాయన గంట కొట్టి “లాస్ట్ ఆర్డర్స్” అంటాడు. కొంతసేపటికి మళ్ళీ కొట్టి “టైమ్, జెంటిల్మెన్, ప్లీజ్” అంటాడు. అప్పటికీ కదలని వాళ్ళ బల్లలమీంచి గ్లాసులు తీస్తూ, “మీకెవరికీ ఇళ్ళు లేవటయ్యా?” అని కసురుకుంటాడు.