పుంజము లెక్కన పని

దీపావళి దగ్గరపడిన కొలది నేతగాండ్ర ఇండ్లలో తరచు వినబడు మాట, "ఇంత పని ఎప్పటికి తెమలును?" అని. చెట్టికరై సోదరులకును, ధర్మపురి, సేలం ప్రాంతములలో మగ్గమును నమ్ముకొన్న తెలుగు కుటుంబములకును ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. పని పేరుకొన్నప్పుడు ఏది మొదలుపెట్టవలెనో తోచక పూటలు గడచిపోవును. గడువు మాత్రము ఆగదు. బయానా తీసికొన్నచోట మాట పోవును, మరుసటి ఆర్డరు వేరొకరికి పోవును.

దీనికి ఉపాయము మన వృత్తిలోనే కలదు. 48 అంగుళముల వెడల్పు గల చీరకు అంగుళమునకు 100 పోగుల చొప్పున పడుగులో 4,800 పోగులుండును. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు అతుకునప్పుడు వీనినన్నిటిని ఒక్కొక్కటిగా మెలిపెట్టవలసినదే. ఆ సంఖ్య తలచుకొన్ననే గుండె జారును. మన పెద్దలు పడుగును పుంజములలో లెక్కించిరి. పుంజమనగా 120 పోగులు. ఆ లెక్కన ఈ పడుగు 40 పుంజములు. 18వ శతాబ్దమున గోదావరి ప్రాంతములో ఈస్టిండియా కంపెనీవారు కొనిన బట్టలకు గూడ పుంజమే కొలతగా నుండెను.

కనుక అతుకుటకు కూర్చున్నవారు ముందుగా ఒక్క పుంజము పూర్తిచేసి, ఎంతసేపు పట్టినదో చూచుకొనవలెను. మిగిలినదానికి ఎన్ని పూటలు కావలెనో అప్పుడు తెలియును.

ఆర్డరును గూడ ఇట్లే విడదీయవచ్చును. "ఇరువది చీరలు" అని ఊరకొనక, ఆసుపోయుట, గంజిపెట్టుట, అతుకుట, కండెలు చుట్టుట, నేయుట అని వేర్వేరుగా వ్రాసి, ఇంటిలో ఎవరు ఏది చేయుదురో ప్రక్కన గుర్తుపెట్టవలెను. ఉదయమునకు కావలసిన కండెలు రాత్రియే చుట్టియుంచినచో, తెల్లవారి కూర్చుండగానే నాడె ఆడును. లెక్క వేయగా గడువు చాలదని తేలినచో, ఆ సంగతి మొదటి వారములోనే ఆర్డరు ఇచ్చినవారికి తెలుపవలెను. పండుగ ముందునాడు చెప్పిన ప్రయోజనము లేదు.

అప్పుల విషయమును ఇంతే. ఎవరికెంత, వడ్డీ ఎంత అని ఒక కాగితముపై వ్రాసి, హెచ్చు వడ్డీది మొదట తగ్గించుకొని రావలెను.

కొద్దికొద్దిగా చేసిన పని ఎంతవరకు పోగలదో చూడుడు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది, వారిలో పలువురు నేతగాండ్రు, వారమునకు రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో అంగడి తెరచిరి. మొదట అమ్మినవి పిండి, చక్కెర, వెన్న వంటి కొద్ది సరకులే. ప్రపంచ సహకారోద్యమము వారి నియమములను మార్గముగా గైకొన్నది.

అయితే కూలి రేటు, నూలు ధర ఒక్క మగ్గము వద్ద తేలునవి కావు. ఎంత ఓపికతో పని పంచుకొన్నను, కూలి చాలనిచో ఇల్లు గడవదు. ఆ భారమును ఒంటరిగా మోయక సంఘమునకు తెలుపవలెను. ఈ నెల కొన్న నూలెంత, ఇచ్చిన ధర ఎంత, చేతికి వచ్చిన కూలి ఎంత అని నాలుగు పంక్తులు వ్రాసి సమావేశమునకు తెచ్చినచో, అందరి లెక్కలు చేర్చి అడుగుటకు సంఘమునకు ఆధారము దొరకును.