మీకు తెలుసా? తల్లిపాలతో ఐస్‌క్రీం!

2011 ఫిబ్రవరిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ఒక దుకాణం తల్లిపాలతో చేసిన 'బేబీ గాగా' ఐస్‌క్రీంను 14 పౌండ్లకు అమ్మింది. వెనీలా, నిమ్మతొక్క కలిపిన ఆ ఐస్‌క్రీం కోసం కొందరు ఎగబడ్డారు, కొందరు ఛీ అన్నారు. ఫిర్యాదులు రావడంతో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ నమూనాలను పరీక్షకు తీసుకెళ్లింది, అమ్మకాలు ఆగాయి. తర్వాత అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాదే న్యూయార్క్‌లో ఒక షెఫ్ తన భార్య చనుబాలతో చీజ్ చేసి వివాదం రేపాడు. నిజానికి తల్లిపాలు గట్టిగా తోడుకోవు. ఆవుపాలలో కంటే వాటిలో కేసీన్ చాలా తక్కువ మరి.

ఆవుపాలు ఆనందంగా తాగే మనకు మనిషి పాలంటే ఏవగింపు ఎందుకో ఆలోచించాల్సిందే. కానీ అంతకన్నా పెద్ద ప్రశ్న, ఆ పాలు ఎవరికి దక్కాలన్నది. మన దేశంలో సూరత్ అయినా హైదరాబాద్ అయినా వాటిని అమ్మడం కుదరదు. 2024 మేలో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ సంగతి స్పష్టం చేసింది. సూరత్‌లోని స్మిమేర్, హైదరాబాద్‌లోని నీలోఫర్ వంటి ఆసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకులున్నాయి. దానంగా వచ్చిన పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి, నెలలు నిండని పసికందులకు పడతారు. పాలు ఎక్కువగా పడే తల్లులారా, దగ్గర్లోని బ్యాంకులో ఒక్కసారి అడిగి చూడండి.