ఎగుమతి బేరంలో రెండో సరకు డాలరు

గుంటూరు నుంచి విదేశానికి మిర్చి అమ్మిన వర్తకుడి చేతిలో రెండు సరకులు ఉంటాయి. ఒకటి గోదాములోని మిర్చి. రెండోది రెండు మూడు నెలల తర్వాత చేతికి రావలసిన డాలరు. మొదటి దాని రంగు, ఘాటు, తేమ, తాలు అన్నీ పరిశీలించిన మీదటనే బేరం కుదురుతుంది. రెండో దాని ధర అప్పటికి ఎంత ఉంటుందో ఆలోచించకుండానే ఒప్పందంపై సంతకం చేయటం మాత్రం పరిపాటి అయినది. అంతర్జాతీయ ద్రవ్య వ్యవహారాలు కళాశాలల్లో చదువుకునేవని, పెద్ద బాంకులు చూసుకునేవని అనుకోవటమే ఇందుకు కారణం. డాలరు మొగమే చూడని యార్డు కమీషన్ ఏజెంటుకు సైతం ఈ విషయంతో సంబంధం ఉన్నది.

యార్డు ధరపై ప్రభావం

ఒక లెక్క చూడవచ్చును. ఇందులోని అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే గాని నేటి ధరలు కావు. విదేశీ కొనుగోలుదారు కిలో మిర్చికి 2 డాలర్లు ఇస్తాడనుకుందాం. డాలరు 80 రూపాయలైతే ఎగుమతిదారుకు కిలోకు 160 రూపాయలు వస్తాయి. కూలి, గోతాలు, గ్రేడింగు, లారీ బాడుగ, రేవు ఖర్చులు కలిపి 15 రూపాయలు, తన లాభం 5 రూపాయలు తీసివేస్తే యార్డులో కిలోకు 140, అంటే క్వింటాలుకు 14,000 రూపాయలు పెట్టగలడు. డాలరు 78కి దిగితే వచ్చేది 156 రూపాయలే. అప్పుడు అతడు పాడగలిగిన ధర 13,600 రూపాయలు. రాబడులు పెరగలేదు, సరకు నాణ్యత తగ్గలేదు, అయినా క్వింటాలుకు 400 రూపాయలు తగ్గినది.

సరకును ముందే 14,000కు కొని ఉంచిన ఎగుమతిదారు స్థితి ఇంకా కష్టం. అతనికి కిలోకు రావలసిన 5 రూపాయల లాభం 1 రూపాయికి పడిపోతుంది. వంద టన్నుల ఆర్డరుపై 5 లక్షలకు బదులు లక్ష రూపాయలే మిగులుతుంది. డాలరు విలువ నూటికి రెండున్నర వంతులు తగ్గితే లాభంలో అయిదింట నాలుగు వంతులు పోయినవి.

స్థిర రేటు నుంచి చలించే రేటుకు

ఈ బెడద పూర్వం ఇంతగా లేదు. 1944లో బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాల ప్రతినిధులు సమావేశమై ఏర్పరచిన పద్ధతిలో డాలరు బంగారంతో ముడిపడి ఉండేది. ఔన్సు బంగారం 35 డాలర్లు. తక్కిన దేశాల నాణేలు డాలరుతో ముడిపడి ఉండేవి. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ ముడి విప్పటంతో ప్రధాన దేశాల నాణేల రేట్లు చలించసాగినవి.

రూపాయి మూల్యాన్ని ప్రభుత్వం 1966 జూన్ 6న తగ్గించినది. 4 రూపాయల 76 పైసలున్న డాలరు ఆనాడు 7 రూపాయల 50 పైసలైనది. 1975 సెప్టెంబరులో రూపాయికి పౌనుతో ఉన్న ముడి తెగి, పలు నాణేల సగటుతో ముడి ఏర్పడినది. 1991లో దిగుమతులకు చెల్లించే విదేశ మారక ద్రవ్యం కొద్ది వారాలకు సరిపడా మాత్రమే మిగిలినది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేసిన కొద్ది రోజులకే, జూలై 1న, తిరిగి 3న, రూపాయి విలువను తగ్గించారు. ఆ నెలలోనే రిజర్వు బాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కింద విదేశానికి పంపినది. 1993 మార్చి నుంచి మారకపు రేటు మార్కెట్టుకు వదలబడినది. నేడు అది బాంకుల మధ్య జరిగే కొనుగోలు అమ్మకాలలో నిర్ణయమవుతున్నది. ఒడుదొడుకులు మితిమీరినప్పుడు రిజర్వు బాంకు తానే డాలర్లు కొనటమో అమ్మటమో చేస్తుంది.

ముందస్తు ఒప్పందం

రేటు మారకుండా చూడటం వర్తకుని చేతిలో లేదు. తన రేటును ముందే ఖాయం చేసుకోవటం మాత్రం అతని చేతిలో ఉన్నది. మూడు నెలల తర్వాత రాబోయే డాలర్లను ఫలానా రేటుకు అమ్ముతానని బాంకుతో నేడే ఒప్పుకోవటమే ఫార్వర్డు కాంట్రాక్టు.

ఆ రేటు జోస్యం చెప్పి నిర్ణయించేది కాదు. రెండు దేశాల వడ్డీల మధ్య తేడాయే దానికి ఆధారం. ఇక్కడ వడ్డీ నూటికి 7, అమెరికాలో 4 అనుకుంటే, నేడు 80 రూపాయలున్న డాలరుకు మూడు నెలల రేటు సుమారు 80 రూపాయల 59 పైసలు కావలెను. మన వడ్డీ హెచ్చుగా ఉన్నంత కాలం ఎగుమతిదారుకు ఈ పైసలు కలిసివస్తాయి. పై ఉదాహరణలోని 2 లక్షల డాలర్లపై అది 1 లక్షా 18 వేల రూపాయలు. బాంకు తన ఖర్చులు, లాభం ఇందులోనుంచే తీసుకుంటుంది గనుక ఒకరిద్దరు బాంకర్లను విచారించటం మంచిది.

అయితే ఇది రెండు వైపులా కట్టిపడవేసే ఒప్పందం. డాలరు 83కు చేరినా ఎగుమతిదారుకు వచ్చేది 80 రూపాయల 59 పైసలే. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. విదేశీ ఆర్డరు రద్దయినప్పటికీ బాంకుతో చేసిన ఒప్పందం నిలిచే ఉంటుంది. ఆనాడు డాలరు 83 ఉంటే, 2 లక్షల డాలర్లపై తేడా 4 లక్షల 82 వేల రూపాయలు వర్తకుడే భరించవలెను. అందుచేత ఆర్డరు గట్టిపడక ముందే మొత్తానికి రేటు ఖాయం చేసుకోవటం కూడా ప్రమాదమే. ఖాయమైన ఆర్డర్లకు పూర్తిగాను, అనుమానం ఉన్నవాటికి కొంతభాగం మాత్రమే చేసుకోవటం క్షేమం. ప్యాకింగ్ క్రెడిట్‌ను డాలర్లలోనే తీసుకుని, ఎగుమతి డాలర్లతోనే తీర్చే మార్గం కూడా ఉన్నది. అప్పు, రాబడి రెండూ ఒకే నాణెంలో ఉండటంతో ఆ మేరకు రేటు భయం తొలగుతుంది.

దిగుమతిదారుకు ఎదురు లెక్క

కాకినాడ రేవుకు పామాయిలు తెప్పించే వర్తకుని భయం ఇందుకు విరుద్ధం. డాలరు పెరిగితే అతనికి నష్టం. గడువు మీద కొన్న నూనెను ముందుగా రూపాయలలో అమ్మివేసి, తర్వాత డాలర్లలో చెల్లిస్తాడు. 2013 మే ఆరంభంలో డాలరు 54 రూపాయల ప్రాంతంలో ఉన్నది. ఆగస్టు 28న 68 రూపాయలు దాటినది. రేటు ఖాయం చేసుకోకుండా మేలో సరకు తెచ్చి ఆగస్టు చివర చెల్లించవలసి వచ్చినవారికి బాకీ నూటికి 25 వంతులకు పైగా పెరిగినట్లయినది. నూనెల వ్యాపారంలో అంతటి లాభం ఎక్కడ ఉన్నది?

హామీ ఎవరిది?

రేటు ఖాయమైనా సొమ్ము అసలు వస్తుందా అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబుగా ఏర్పడినదే ఎల్.సి. కొనుగోలుదారు తరఫున అతని బాంకు ఇచ్చే హామీ ఇది. ఇందులో బాంకు చూసేది కాగితాలనే గాని మిర్చిని కాదు. సరకు ఎంత శ్రేష్ఠమైనదైనా, ఓడ కంపెనీ ఇచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్‌లో తేదీ గడువు దాటినా, ఇన్వాయిసులో సరకు వివరం ఎల్.సి.తో సరిపోలకపోయినా బాంకు చెల్లింపు నిరాకరించవచ్చును. అప్పుడు ధర తగ్గించమని కోరే అవకాశం కొనుగోలుదారుకు చిక్కుతుంది. అందుకే ఎల్.సి. అందిన రోజుననే అక్షరం అక్షరం చదివి, వీలుకాని షరతులు ఉంటే సరకు ఎత్తక ముందే సవరింపజేసుకోవలెను.

కొనుగోలుదారు నిజాయితీపరుడైనా అతని దేశంలో డాలర్లు లేకపోవచ్చును. గుంటూరు మిర్చికి పాత ఖాతాదారైన శ్రీలంకలో 2022లో ఇదే జరిగినది. సంవత్సరారంభంలో 200 ప్రాంతంలో ఉన్న డాలరు మే నాటికి 360 శ్రీలంక రూపాయలకు చేరినది. ఏప్రిల్ 12న ఆ ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్లు ప్రకటించినది. బాంకులవద్ద డాలర్లు లేక నిత్యావసర సరకుల కంటైనర్లు కొలంబో రేవులో నిలిచిపోయినవి. కొనుగోలుదారువద్ద తమ దేశపు రూపాయలున్నా అవి డాలర్లుగా మారలేదు.

ఇటువంటి దేశాలకు పంపేటప్పుడు మరో దేశపు గట్టి బాంకు ధ్రువీకరించిన ఎల్.సి. కోరటం ఒక రక్షణ. ఎగుమతి రుణ హామీ సంస్థ ఇ.సి.జి.సి. వద్ద బీమా చేయించటం మరొకటి. 1957లో ఆరంభమైన ఈ ప్రభుత్వ సంస్థ కొనుగోలుదారు ఎగవేతకే గాక, ఆ దేశపు స్థితిగతుల వల్ల సొమ్ము ఆగినా పాలసీ షరతుల మేరకు పరిహారం ఇస్తుంది. 2022 జూలైలో రిజర్వు బాంకు విదేశీ వ్యాపారాన్ని రూపాయలలోనే పరిష్కరించుకునే ఏర్పాటు చేసినది. ఈ పద్ధతిలో అమ్మినవారికి మారకపు భయం ఉండదు. అయితే అవతలి వర్తకుడు, అతని బాంకు అందుకు ఒప్పుకోవలెను.

సంతకానికి ముందు

బేరం కుదిరిన రోజున వర్తకుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవలెను. ధర ఏ నాణెంలో ఉన్నది? సొమ్ము ఏనాడు చేతికి వస్తుంది? ఆలోగా రేటు రెండు రూపాయలు ఎదురు తిరిగితే లాభంలో ఏమి మిగులుతుంది? సొమ్ము రాకపోతే హామీ ఎవరిది? మూడో ప్రశ్నకు జవాబు నష్టంలో తేలినట్లయితే, రేటు ఖాయం చేసుకోకుండా సరకు కొనరాదు.

డాలరు పెరుగుతుందనే నమ్మకంతో ఊరకుండే ఎగుమతిదారు మిర్చి వ్యాపారంతోపాటు డాలరు జూదం కూడా ఆడుతున్నట్లే. పంట అంచనా, నిల్వల లెక్క అతనికి తెలిసినంతగా యార్డులో మరెవరికీ తెలియకపోవచ్చును. డాలరు విషయంలో అతనికి అటువంటి ఆధిక్యత లేదు. తెలిసిన సరకులో లాభం చూసుకుని, తెలియని సరకు భారాన్ని బాంకుకు ఒప్పగించటమే వర్తకానికి శ్రేయస్కరం.