పశువైద్య వృత్తి: నమోదు, అనుమతి, శిక్ష

భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం నమోదిత పశువైద్యులు మాత్రమే ఈ వృత్తిని నిర్వహించాలి. పశు ఆరోగ్య ధ్రువపత్రంపై సంతకం, న్యాయస్థానంలో నిపుణ సాక్ష్యం కూడా వారికే చెందిన అధికారాలు. అయితే రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, డిప్లొమా లేదా ధ్రువపత్రం గల పశుసంవర్ధక సహాయకులు నమోదిత వైద్యుని పర్యవేక్షణలో టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం వంటి ప్రాథమిక సేవలు అందించవచ్చు. నమోదు కాకుండానే నమోదితులమని చెప్పుకొన్నవారికి తొలిసారి జరిమానా, నేరం పునరావృతమైతే జైలుశిక్ష కూడా విధించవచ్చు.

కావున చట్టం ముందుగా చూసేది చికిత్స ఫలితాన్ని కాదు. నమోదు, అనుమతి, పర్యవేక్షణలను. వైద్యుడు అందుబాటులో లేని గ్రామంలో పర్యవేక్షణ కాగితానికే పరిమితమైతే, సహాయకుని సేవకు చట్టరక్షణ ఉండదు. పాడిరైతుకు వేరే దారీ ఉండదు.