నేలరాలని తుంపర

కర్మాగారంలో మనిషికీ మనిషికీ నడుమ ఆరడుగుల ఎడం ఉండాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ ఎడం నిజంగా ఎంతమేరకు కాపాడుతుంది అన్న ప్రశ్న కోవిడ్ తగ్గుముఖం పట్టిన తరువాత కూడా పాఠకుల నుంచి వస్తూనే ఉంది. ప్రశ్న చిన్నదే గాని, సమాధానం కోసం వెనక్కి వెళ్లినకొద్దీ 1910 నాటి ఒక గ్రంథం, 1934 నాటి ఒక గ్రాఫు, బాల్టిమోర్ ఆస్పత్రిలో పెంచిన గినీపందులు, వాటితోపాటు దశాబ్దాల తరబడి ఎవరూ సరిచూడని ఒక అంకె ఎదురవుతాయి.

అమెరికాలో ఈ ప్రశ్నకు అత్యంత కఠినమైన పరీక్ష జరిగిన స్థలాలలో దక్షిణ డకోటా రాష్ట్రం, సూ ఫాల్స్ నగరంలోని స్మిత్‌ఫీల్డ్ పంది మాంస కర్మాగారం ఒకటి. అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల (సీడీసీ) నివేదిక ప్రకారం 2020 మార్చి 16 నుంచి ఏప్రిల్ 25 వరకు అక్కడి 3,635 మంది ఉద్యోగులలో 929 మందికి, అంటే నలుగురిలో ఒకరికి పైగా, వ్యాధి సోకింది. ఉద్యోగులతో సన్నిహితంగా మెలిగిన 2,403 మందిలో మరో 210 మందికి అది అంటుకుంది. ఈ రెండు గుంపులలో కలిపి 48 మంది ఆస్పత్రిలో చేరగా ఇద్దరు మరణించారు. నెలజీతం మీద పనిచేసేవారిలో 14.8 శాతానికి సోకిన వ్యాధి గంటకూలి మీద పనిచేసేవారిలో 26.8 శాతానికి సోకింది. భుజం భుజం రాసుకునేలా నిలబడి కళేబరాలను కోసే విభాగాలలో అది 30 శాతానికి చేరింది. కర్మాగారాన్ని ఏప్రిల్ నడుమ మూసివేశారు. అదే నెల 28న మాంసం కర్మాగారాలు పనిచేస్తూ ఉండాలని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు జారీచేశారు. అందుకు రెండు రోజుల ముందు సీడీసీ, వృత్తి భద్రతా సంస్థ ఓషా కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలలో ఆరడుగుల ఎడానికీ అడ్డుతెరలకూ ప్రముఖ స్థానం దక్కింది.

ఇక అసలు విషయానికి, అంటే తుంపర పతనానికి రావచ్చు. మాట్లాడినా దగ్గినా మనిషి నోటి నుంచి మైక్రాన్‌కు లోపు మొదలుకొని అనేక వందల మైక్రాన్ల వరకు వ్యాసం గల తుంపరలు వెలువడతాయి; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నిశ్చలమైన గాలిలో చిన్న గోళం పడే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమంగా ఉంటుందని 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ చూపించిన సూత్రాన్ని బట్టి, వ్యాసం పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది. నోటి ఎత్తును మీటరున్నరగా తీసుకుంటే 100 మైక్రాన్ల తుంపర ఐదారు సెకన్లలో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్ల తుంపరకు సుమారు ఎనిమిది నిమిషాలు, 5 మైక్రాన్లదానికి అరగంటకు పైగా, 1 మైక్రాన్‌దానికి దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. ఇదంతా కదలని గాలిలో లెక్క. ఫ్యాన్లూ మోటార్లూ మనుషుల ఒంటి వేడీ ఎడతెగక గాలిని కలియబెట్టే షెడ్డులో సూక్ష్మమైన తుంపర నేలను చూడకుండానే గదంతా తిరుగుతుంది.

స్టోక్స్ లెక్కలో లేని మరో సంగతిని హార్వర్డ్‌లో పనిచేసిన పారిశుద్ధ్య ఇంజనీరు విలియం ఫర్త్ వెల్స్ పట్టుకున్నారు. తుంపర పడుతూ ఉండగానే ఆవిరవుతుంది, ఆవిరవుతున్నకొద్దీ చిన్నదవుతుంది, చిన్నదవుతున్నకొద్దీ మరింత నెమ్మదిగా పడుతుంది. కనుక ప్రతి తుంపరకూ నేలకు చేరడమా, అంతకుముందే ఎండిపోవడమా అన్న పోటీ ఒకటి నడుస్తుంది. 1934లో ఆయన ప్రచురించిన గ్రాఫులో ఈ రెండు రేఖలూ 100 మైక్రాన్ల దరిదాపుల్లో కలుసుకుంటాయి. అంతకు పెద్దవి నేలరాలతాయి. అంతకు చిన్నవి గాలిలోనే నీటిని కోల్పోయి, ఉప్పూ మాంసకృత్తులూ సూక్ష్మజీవులూ మిగిలిన పొడి రేణువులై తేలుతూ ఉంటాయి. వీటికి ఆయన తుంపర కేంద్రకాలని పేరు పెట్టారు. నేటి పుస్తకాలు ఏరోసాల్ అని పిలిచేవాటిలో ఇవి ప్రధానమైనవి. ఒక్క గ్రాఫులో ఇంత సారాన్ని ఇమిడ్చిన పరిశోధన ప్రజారోగ్య చరిత్రలో అరుదు; అంత కాలం పక్కన పడి ఉన్నది అంతకంటే అరుదు.

దాన్ని పక్కన పడేసినవారిని మూర్ఖులనడానికి వీలులేదు. రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ 1910లో వెలువరించిన గ్రంథంలో, చెడుగాలే రోగాలకు మూలమన్న పాత నమ్మకాన్ని చీల్చి చెండాడి, వ్యాధులు ప్రధానంగా స్పర్శ ద్వారానూ దగ్గరి తుంపరల ద్వారానూ వ్యాపిస్తాయని వాదించారు. గాలి నుంచి తప్పించుకోలేమని జనం భావిస్తే చేతులు కడుక్కోవడం కూడా మానేస్తారన్నది ఆయన బెంగ. దుర్గంధ సిద్ధాంతాన్ని పాతిపెట్టిన తరం గాలి పేరెత్తిన ప్రతివారినీ ఆ సిద్ధాంతపు వారసులుగా అనుమానించింది. సీడీసీలో సాంక్రమిక వ్యాధుల విభాగాన్ని తీర్చిదిద్దిన అలెగ్జాండర్ లాంగ్ముయిర్ సైతం తొలుత వెల్స్‌ను నమ్మనివారిలో ఒకరు.

వెల్స్‌కు అదృష్టమూ అంతంతమాత్రమే. ఫిలడెల్ఫియా ప్రాంతపు పాఠశాలల్లో తరగతి గదుల పైభాగాన అతినీలలోహిత దీపాలు అమర్చి 1941 నాటి తట్టు వ్యాధిని చాలావరకు నిలువరించినా, ఇతర చోట్ల అదే ప్రయోగాన్ని చేసినవారికి ఫలితం కనిపించలేదు. పిల్లలు దీపాల్లేని బస్సుల్లోనూ ఇతర చోట్లనూ ఒకరి గాలి ఒకరు పీల్చుకుంటున్న సంగతిని లెక్కలోకి తీసుకోకుండా దీపాలు పనిచేయవని తీర్మానించారు. చివరికి ఆయన, రిచర్డ్ రైలీ అనే వైద్యుడు కలిసి 1950లలో బాల్టిమోర్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో క్షయరోగుల వార్డు నుంచి వెలుపలికి పోయే గాలిని గొట్టాల ద్వారా గినీపందుల గదిలోకి మళ్లించారు. రోగులను ఎన్నడూ చూడని ఆ జంతువులలో నెలకు సగటున మూడింటికి క్షయ సోకింది; అదే గాలిని అతినీలలోహిత కిరణాల గుండా పంపి అందించిన రెండో గుంపులో వ్యాధి కనిపించలేదు. ఇంతకంటే శుభ్రమైన రుజువును ఊహించడం కష్టం.

విచిత్రమేమంటే ఈ విజయంలోంచే ఒక పెద్ద పొరపాటు పుట్టింది. క్షయ బీజం ఊపిరితిత్తుల లోలోతుల్లోని గాలి తిత్తులను చేరితేగాని వ్యాధి కలిగించదు; అంత లోతుకు చేరేవి సుమారు 5 మైక్రాన్ల లోపు రేణువులే. అంటే 5 మైక్రాన్లు ఊపిరితిత్తుల నిర్మాణానికి సంబంధించిన అంకె, 100 మైక్రాన్లు తుంపర పతనానికి సంబంధించిన అంకె. కాలక్రమంలో ఈ రెండూ కలగలిసి, 5 మైక్రాన్లు దాటినదేదైనా మూడు నుంచి ఆరడుగుల లోపే రాలిపోతుందన్న వాక్యం వైద్య మార్గదర్శకాలలో స్థిరపడింది. డిప్లొమా చదివే విద్యార్థి సైతం స్టోక్స్ సూత్రంతో పది నిమిషాల్లో తప్పని తేల్చగల వాక్యమిది. వర్జీనియా టెక్‌లోని ఇంజనీరు లిన్సీ మార్ ఈ అంకె ఎక్కడిదని వెదకబోగా, అదే విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థిని కేటీ రాండల్ పాత గ్రంథాలు తిరగేసి దాని పుట్టుపూర్వోత్తరాలను బయటికి తీశారు.

ఈలోగా 2020 మార్చి 28న కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘంటాపథంగా ప్రకటించింది; జులైలో లిడియా మొరావ్‌స్కా, డోనల్డ్ మిల్టన్ రాసిన లేఖను 239 మంది శాస్త్రజ్ఞులు బలపరిచినా కొంత సడలింపు తప్ప మార్పు రాలేదు; సీడీసీ తన పత్రంలో గాలిలోని సూక్ష్మ తుంపరలకు అగ్రస్థానం ఇచ్చేసరికి 2021 మే వచ్చింది. ఈ మాట ముందే చెప్పవలసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రధాన శాస్త్రవేత్తగా ఉన్న సౌమ్యా స్వామినాథన్ 2022లో ఒప్పుకున్నారు. పెద్ద సంస్థల నోట అంతటి నిజాయితీ తరచు వినిపించేది కాదు.

వెల్స్ మరో భావనను కూడా విడిచి వెళ్లారు. సగటున మనిషికి ఒక్కటి చొప్పున అందితే నూటికి 63 మందికి వ్యాధి సోకించే మోతాదును ఆయన క్వాంటం అన్నారు. అరవై మూడే ఎందుకంటే, నూరు మోతాదులను నూరుగురి మీద యాదృచ్ఛికంగా చల్లితే కొందరికి రెండో మూడో దక్కి, సుమారు 37 మందికి ఒక్కటీ దక్కదు. 1974లో న్యూయార్క్ రాష్ట్రపు ఒక పాఠశాలలో, 97 శాతం మందికి టీకా పడి ఉన్నా, ఒక రెండో తరగతి బాలిక నుంచి 14 తరగతి గదుల్లోని 28 మందికి తట్టు సోకిన ఉదంతాన్ని ఈ భావనతో విశ్లేషిస్తూ రైలీ బృందం 1978లో ఒక సమీకరణాన్ని ప్రచురించింది. గదిలోని రోగుల సంఖ్య, ఒక్కొక్కరు గంటకు వదిలే క్వాంటాలు, తక్కినవారు పీల్చే గాలి, గడిపిన గంటలు, ఈ నాలుగింటినీ గుణించి, గదిలోకి గంటకు చేరే శుభ్రమైన గాలి పరిమాణంతో భాగిస్తే ఒక్కొక్కరికి అందే సగటు మోతాదు వస్తుంది. ఇందులో దూరం అన్న రాశి లేనే లేదు. పెరట్లో ఎండుమిరపకాయలు దంచుతుంటే పక్కన కూర్చున్నవారికి ఘాటు ఎక్కువ తగులుతుంది, వీధి గదిలో ఉన్నవారూ తుమ్ముతారు. దగ్గరగా ఉంటే ముప్పు ఎక్కువన్నది నిజమే గాని ఆరడుగుల దగ్గర గోడ ఏదీ లేదు.

ఆ సమీకరణంలో మరో చమత్కారం దాగి ఉంది. మోతాదు 3 ఉన్నచోట నూటికి 95 మందికి వ్యాధి సోకుతుంది. శుభ్రమైన గాలిని రెట్టింపు చేసి మోతాదును 1.5కు దించినా 78 మందికి సోకుతూనే ఉంటుంది. మోతాదు 0.2 ఉన్నచోట మాత్రం అదే రెట్టింపు గాలి 18 మందిని తొమ్మిది, పది మందికి తగ్గిస్తుంది. గాలి బాగుచేసినా ప్రయోజనం కనబడలేదని విసుక్కున్న యాజమాన్యాలు ఈ వక్రరేఖలో ఏ కొసన నిలబడి మాట్లాడుతున్నాయో చూసుకోలేదు.

మాంసం కర్మాగారం ఈ సమీకరణంలోని ప్రతి రాశినీ చెడ్డ వైపుకే నెడుతుంది. ఎనిమిది గంటలకు తగ్గని షిఫ్టు వల్ల కాలం పెరుగుతుంది. బరువైన పనివల్ల పీల్చే గాలి పెరుగుతుంది. యంత్రాల రొదలో అరిచి మాట్లాడవలసి రావడం వల్ల వదిలే క్వాంటాలు పెరుగుతాయి, ఎందుకంటే గొంతు పెరిగినకొద్దీ వెలువడే రేణువుల సంఖ్య పెరుగుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 2019లోనే కొలిచి చూపారు. ఇక బయటి గాలిని చల్లబరచడానికి కరెంటు ఖర్చు అవుతుంది గనుక చల్లబరచిన గాలినే తిప్పి తిప్పి వాడతారు. 2020లో జర్మనీలోని ట్యోనీస్ మాంసం కర్మాగారంలో, పది డిగ్రీల చలిలో, అదే గాలి పదేపదే తిరిగే హాలులో ఒక్క ఉద్యోగి నుంచి ఎనిమిది మీటర్లకు పైగా దూరాన ఉన్నవారికి వ్యాధి సోకిందని అక్కడి పరిశోధకులు తేల్చారు. అడ్డుతెర ఎదుటివాడి తుమ్మును ఆపుతుంది. తేలే రేణువులు దాని పక్క నుంచీ పైనుంచీ వస్తాయి, సరిగా అమర్చకపోతే మురిగిన గాలిని అది అక్కడే పట్టి ఉంచుతుంది.

ఆచరణ మాటకు వస్తే చెప్పుకోదగ్గ ఉత్సాహం కలగదు. ఉపరితలాల ద్వారా వ్యాధి సోకే అవకాశం తాకిన ప్రతిసారీ సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పినా, తుడిచే బకెట్టు కనిపించినంతగా వడపోత కనిపించదు. గంటకు ఐదుసార్లకు సమానంగా గదిలోని గాలి శుభ్రపడాలని అదే సంస్థ 2023 మేలో సూచించింది. గాలి బాగా కలిసే గదిలో ఆ వేగంతో గంటలో పాత రేణువులలో నూటికి ఒకటి కూడా మిగలదు. అమెరికా తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే అదే ఏడాది 241వ సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది గాని, స్థానిక నిర్మాణ నియమావళి దాన్ని స్వీకరించేవరకు అది సలహా మాత్రమే. సూ ఫాల్స్ ఉదంతానికి ఓషా విధించిన జరిమానా 13,494 డాలర్లు, చట్టం అనుమతించిన గరిష్ఠ మొత్తం. ఆ సంస్థే లెక్కగట్టిన 1,294 మంది బాధితులకు పంచితే తలకు పది డాలర్ల చిల్లర.

చల్లని హాలులో బయటి గాలిని పెంచలేకపోతే తిరిగే గాలినే దట్టమైన ఫిల్టర్ల గుండా పంపవచ్చు, పైకప్పు ఎత్తుగా ఉన్నచోట వెల్స్ దీపాలనూ పెట్టవచ్చు. అయితే కార్యాలయాలలో గాలిమార్పిడిని అంచనా వేయడానికి వాడే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఇక్కడ మోసపుచ్చుతుంది: ఫిల్టరు రేణువులను పట్టినా ఆ వాయువును పట్టదు, పైగా అనేక పంది మాంస కర్మాగారాలలో పందులను స్పృహ తప్పించడానికి వాడేది ఆ వాయువునే, కనుక అక్కడి ఇంజనీరు ఫ్యాన్ల ప్రవాహాన్నీ ఫిల్టరు సామర్థ్యాన్నీ విడివిడిగా కొలిచి లెక్క కట్టుకోవలసిందే.