రూపాయి తక్కువ పెట్రోలు ఇంజనుకు చేటా?

2023 జూన్‌లో నయారా ఎనర్జీ తన బంకుల్లో పెట్రోలు, డీజిలును ప్రభుత్వ కంపెనీల కంటే లీటరుకు రూపాయి తక్కువకు పది రాష్ట్రాల్లో అమ్మింది. అంతకు కొద్దిగా ముందే జియో-బీపీ డీజిలు ధర కూడా అలాగే తగ్గించింది. తక్కువకు ఇస్తున్నారంటే ఏదో కలిపే ఉంటారన్న అనుమానం అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటి పాండర్‌కవడ వైపు వెళ్లి ట్యాంకు నింపుకునేవాళ్లకూ ఇదే సందేహం.

ఆ రూపాయి వల్ల ఇంజనుకు ఏమీ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే పెట్రోలు బీఎస్-6 ప్రమాణానికి లోబడాలి. గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు. అంతకుముందు బీఎస్-4లో 50 దాకా ఉండేది. ఈ కొలత ప్రభుత్వ కంపెనీకీ ప్రైవేటు కంపెనీకీ ఒకటే. పైగా కంపెనీలు ఒకదాని టెర్మినల్లో మరొకటి సరుకు తీసుకుంటాయి కాబట్టి, బోర్డు మీద పేరు వేరైనా లోపలి పెట్రోలు తరచూ ఒకే చోటి నుంచి వచ్చిందే. పెన్‌గంగకు ఇటూ అటూ ధరలో తేడాకు కారణం పన్ను. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, మహారాష్ట్ర లెక్క వేరు. ఇక 2023 నాటి రూపాయి తగ్గింపు వ్యాపారుల పోటీ. ముడిచమురు చౌకబడినా ప్రభుత్వ కంపెనీలు ధర కదపలేదు, ప్రైవేటు వాళ్లు తమ లాభంలోంచి కొంత వదులుకున్నారు.

అమెరికాలో మన వాళ్లు చాలామంది కాస్ట్‌కోలో చౌకగా పెట్రోలు పోయించుకుంటారు. అక్కడ 2016లో వాహనదారుల సంఘం ఏఏఏ ఒక పరీక్ష చేసింది. ఇంజనును శుభ్రంగా ఉంచే రసాయనాలు తగినంత కలిపిన 'టాప్ టియర్' పెట్రోలుతో పోలిస్తే మామూలు పెట్రోలు వాడిన ఇంజన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మడ్డి పేరుకుందని తేల్చింది. కాస్ట్‌కో పెట్రోలు చౌకదే అయినా టాప్ టియర్ జాబితాలో ఉంది.

అసలు భయపడాల్సింది కల్తీకి. కల్తీ చేసేవాడు ధర తగ్గించడు. బోర్డు మీదున్న ధరకే అమ్మి, తేడా తన జేబులో వేసుకుంటాడు. అందుకే తక్కువ ధర చూసి జంకడం, పూర్తి ధర చూసి నమ్మడం రెండూ పొరపాటే.

పాతకాలపు కల్తీ కిరోసిన్, మన వైపు గాసునూనె. రేషన్ కిరోసిన్‌కు నీలిరంగు కలిపింది దారి మళ్లితే పట్టుకోవడానికే. ఇంజనులో అది చేసే పని చూడండి. ప్లగ్గు నిప్పు రవ్వ వేయగానే మంట ఒక పక్క నుంచి మరో పక్కకు క్రమంగా పాకాలి. కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ కాబట్టి, మంట చేరకముందే మూలనున్న మిశ్రమం ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టన్ తల మీద పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే టక టక శబ్దం అదే. కిరోసిన్ పెట్రోలంత తేలిగ్గా ఆవిరి కాదు. మండకుండా మిగిలింది సిలిండరు గోడ మీది ఆయిలు పొరను కడిగేసి కిందికి జారి ఇంజనాయిలును పలచన చేస్తుంది. ప్లగ్గుకు మసి పడుతుంది, పొగ గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది.

ఈ దందాను అడ్డుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను కాల్చి చంపారు. 2011 జనవరిలో మన పొరుగున మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. 2020 నాటికి రేషన్ కిరోసిన్ రాయితీ తీసేశాక ఆ కల్తీకి గిట్టుబాటు తగ్గింది, కానీ కల్తీకి పనికొచ్చే సాల్వెంట్లు (ద్రావకాలు) ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

బంకులో అడగాల్సింది ఫిల్టర్ పేపరు. నాజిల్ మూతి తుడిపించి, ఒక్క చుక్క కాగితం మీద వేయించండి. రెండు నిమిషాల్లో ఆవిరై నూనె మరక మిగలకపోతే సరే. మరక నిలిచిందా, లోపల బరువైనదేదో ఉన్నట్టే. రెండోది సాంద్రత. గాజు జాడీలో హైడ్రోమీటరు తేలేసి చూపిస్తారు. ట్యాంకరు వచ్చినప్పుడు రాసిపెట్టిన అంకెకు ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా రాకూడదు. ఈ లెక్క 15 డిగ్రీల వేడికి. రామగుండం ఎండలో 40 డిగ్రీల పెట్రోలు వ్యాకోచించి తక్కువ అంకె చూపిస్తుంది, కాబట్టి బంకులోని పట్టికతో సరిచేయాలి. పదోవంతు కిరోసిన్ కలిపితే సాంద్రత సుమారు 6 కిలోలు పెరుగుతుంది, దొరికిపోతారు. అయితే తెలివిమీరినవాడు తేలికైన సాల్వెంటు కూడా కలిపి అంకె సరిచేయగలడు. అందుకే రెండు పరీక్షలూ అడగాలి.

వానాకాలంలో ఇంకో చిక్కు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. భూగర్భ ట్యాంకులోకి వాననీరు ఊరితే, ఒక మోతాదు దాటాక ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోలును వదిలి అడుగుకు దిగిపోతుంది. ఆ అడుగు పొర ట్యాంకులో పడిన బండి కాసేపట్లోనే ఆగిపోతుంది. కొలకర్రకు నీటిని పట్టే పేస్టు రాసి ముంచితే రంగు మారుతుంది. కుండపోత వానల తర్వాత బంకువాళ్లు ఇది తప్పనిసరిగా చూడాలి.

నీరు లేకపోయినా పాత బళ్లకు ఇథనాల్‌తో రబ్బరు పైపులు, గాస్కెట్లు త్వరగా పాడవచ్చు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతానికి సర్దిన కార్లకు 20 శాతం మిశ్రమంతో మైలేజీ 6 నుంచి 7 శాతం, బైకులకు 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. ఈ బాధ ఏ కంపెనీ బంకుకెళ్లినా ఒకటే.

ఉట్నూరు, జైనూరు వైపు దారిలో దుకాణాల్లో సీసా పెట్రోలు కొనాల్సి వస్తే, అందులో ఏమి కలిసిందో చెప్పేవాడు లేడు. ఎండలో నిలిస్తే తేలిక భాగాలు ఎగిరిపోయి బండి ఒక పట్టాన స్టార్టు కాదు. పైగా నిప్పు ప్రమాదం.

పెట్రోలు పోయించిన వెంటనే బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ కిక్కు కొట్టకండి. ట్యాంకులోంచి కొంత గాజు సీసాలోకి తీసి, తేరుకున్నాక అడుగున పొర ఏర్పడిందేమో చూడండి. బిల్లు దాచుకోండి. దాని మీద తేదీ, సమయం ఉంటాయి. ప్రతి ట్యాంకరు నుంచి బంకు నమూనా తీసి సీలు వేసి ఉంచాలి కాబట్టి, ఆ రోజు సరుకుది మీ సీసాతో పోల్చి చూడమని కంపెనీకి, పౌరసరఫరాల అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.